మొదటి పదిహేను చుట్లు

ముగ్గురు మనుషులు ఒకే గదిలో సర్దుకుపోవడం ఎంత కష్టమో ఉమ్మడి కాపురం చేసినవాళ్లనడిగితే చెబుతారు. రికార్డు ప్లేయరు, వాల్వు యాంప్లిఫయరు, హెడ్‌ఫోను కూడా అంతే. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ బంగారం. ఒకచోట కూర్చోబెట్టామా, ఒకటి బుసలు కొడుతుంది, ఒకటి గొంతు చించుకుంటుంది, మూడోది మూతి ముడుచుకుంటుంది. ఈ మూడింటికీ పొత్తు కుదర్చడమే బతుకుతెరువుగా పెట్టుకుని ఓ కొట్టు నడుపుతున్న పెద్దాయన్ని వీధి వీధంతా సంబంధాల మాస్టారు అంటుంది. ఆయన జన్మలో ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. నిజం పెళ్లి సంబంధం ఒక్కటీ కుదర్చలేదు. అరవై ఆరేళ్ల మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వాటికోసం బల్లంతా వెతుక్కునే రకం.

యాంపు కొనడానికి వచ్చినవాళ్లకి ఆయన యాంపు అమ్మడు. "మీ ప్లేయరు పట్టుకురండి, మీ హెడ్‌ఫోను పట్టుకురండి, మీకు బాగా తెలిసిన రికార్డు ఒకటి పట్టుకురండి. అప్పుడు మాట్లాడుకుందాం" అంటాడు. విసుక్కుని వెళ్లిపోయేవాళ్లు వెళ్లిపోతారు. ఉన్నవాళ్లని బల్ల ముందు కూర్చోబెట్టి యాంపులో వెలిగే గాజుబుడ్లు, అదే వాల్వులు, మార్చి మార్చి వినిపిస్తాడు. అన్నీ కుదిరాక ఆఖరి పరీక్ష ఆయనదే. పాట లేకుండా, ముల్లు ఎత్తేసి, వాల్యూము చివరిదాకా తిప్పి, హెడ్‌ఫోను చెవులకి పెట్టుకుని, కళ్లు మూసుకుని వంద లెక్కపెడతాడు. ఆ వందలో ఎక్కడైనా 'గుయ్'మని వినబడిందా, ఆ సెట్టు ఆ రోజుకి గుమ్మం దాటదు. గుయ్‌మనే చప్పుడంటే ఆయనకి ఒళ్లుమంట. దానికో కారణముంది. ఆ కారణం పేరు బావమరిది.

కొట్టు మామగారిది. నలభై ఏళ్ల కిందట ఇక్కడ రేడియోలు బాగుచేయడమే కాదు, రికార్డులు కూడా కోసేవాళ్లు. వెనకగదిలో దానికో యంత్రం ఉండేది. లక్క పూసిన రేకు దాని మీద తిరుగుతుంటే, మైకు ముందు పాడుతున్న మనిషి గొంతుని సూది అక్కడికక్కడే గాడిగా కోసేది. ఒక పాట, ఒక రేకు, అంతే. రెండో ప్రతి ఉండదు. అప్పటికి మాస్టారు కొత్తల్లుడు. బావమరిదికి ఇరవై నిండాయి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లు, ఒకరి మాటకి ఒకరు నవ్వుకునేవాళ్లు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కునేవాళ్లు. అలాంటిది ఒక వారంలో కోసిన పదకొండు రికార్డులు వరసగా వెనక్కి వచ్చాయి. అన్నిట్లోనూ పాట వెనక గుయ్‌మని మోత. చూస్తే యంత్రానికి ఉండాల్సిన ఎర్తు వైరు ఊడి ఉంది. అది పచ్చ వైరు. దారితప్పిన కరెంటుని నేలలోకి దింపేయడం దాని పని. అది లేకపోతే ఆ కరెంటు పాటలో దూరి కూర్చుంటుంది.

ఎవరు తీశారని మామగారు అడిగాడు. వైర్ల పని బావమరిదిది. "బావే తీసెయ్యమన్నాడు నాన్నా" అన్నాడు వాడు. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. తనెప్పుడన్నాడు? ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. గుర్తు లేదంటే జరగలేదనే కదా అర్థం. "తప్పు చేశావు, పోనీలే అనుకున్నాను. పైగా అబద్ధం కూడానా?" అన్నాడు. మామగారు అల్లుడి మాటే నమ్మాడు. కొడుకుని ఇక యంత్రం ముట్టుకోవద్దన్నాడు. మర్నాటినుంచి వాడు కొట్టుకి రాలేదు. లిఫ్టుల పనిలో చేరి అందులోనే తల నెరిసింది. పదిహేనేళ్ల కిందట మామగారు పోయేముందు కూడా, మంచివాడే గానీ పనిలో శ్రద్ధ లేదు అనే అన్నాడు కొడుకుని.

అప్పటినుంచీ ఇప్పటిదాకా ఇద్దరూ ఎడమొహం పెడమొహమే. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఒకరు ముందుగదిలో ఉంటే ఇంకొకరు పెరటివైపు తేలతారు. ఫోటోల్లో ఈ చివరొకరు, ఆ చివరొకరు. ఏదైనా చెప్పుకోక తప్పకపోతే మధ్యలో మాస్టారి భార్య ఉంది. "మీ ఆయనకి చెప్పక్కా" అని అటునుంచి, "మీ తమ్ముడితో చెప్పు" అని ఇటునుంచి. "ఊళ్లోవాళ్లందరికీ సంబంధాలు కుదురుస్తారు. మీ ఇద్దరికీ కుదర్చడం మాత్రం ఎవరి తరమూ కాలేదు" అని ఆవిడ అప్పుడప్పుడూ అంటుంది. నవ్వుతూనే అంటుంది. అన్నాక మాత్రం నవ్వదు.

ఇదీ నేపథ్యం. ఇంతలో ఒక సోమవారం పొద్దున, రెండు వీధుల అవతల కళ్లద్దాల షాపు నడిపే ఆవిడ కొట్టుకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఒక చేతిలో దుప్పటి చుట్టిన పాత ప్లేయరు, ఇంకో చంకలో దిండుగలీబు. గలీబులోంచి ఒక రికార్డు తీసి బల్ల మీద పెట్టింది. చూడగానే మాస్టారి చేతులు వెనక్కి వచ్చాయి. లక్క రేకు! మధ్యలో అంటించిన కాగితం మీద ఈ కొట్టు పేరు, మామగారి గుండ్రటి చేతిరాతలో తేదీ.

"ఇది మా అమ్మ పాడిందండీ. నాకప్పుడు పన్నెండేళ్లు. అమ్మ పోయి ముప్పై ఏళ్లు దాటింది" అంది ఆవిడ.

"పాట బాగా వినబడాలి, అంతేగా?"

"పాట కాదు మాస్టారూ. పాట నాకు నోటికొచ్చు, నేనే పాడుకుంటాను. పాటకి ముందు అమ్మ ఏదో మాట్లాడింది. మా ప్లేయర్లో గొణుగుడు తప్ప ఒక్క ముక్క తెలియదు. కంప్యూటర్లో శుభ్రం చేస్తామన్నవాళ్లకి ఇచ్చాను. గోల తీసేశారు. గోలతోపాటు ఆ మాటలూ తుడిచిపెట్టేశారు." ఆవిడ గలీబు మడతపెడుతూ మళ్లీ అంది. "మొహం ఫోటోల్లో ఉంది. మాట్లాడే గొంతు ఎలా ఉండేదో మర్చిపోతున్నానండీ. నిద్రలేచాక కల జారిపోయినట్టు జారిపోతోంది. అది మళ్లీ వినాలి."

మాస్టారు రేకుని వెలుతురుకి పట్టి చూశాడు. అంచున పొర బీటలు వారింది. సరిగ్గా ఆ మాటలున్న చోటే. నాలుగుసార్లు తిరిగితే గొప్ప.

"అమ్మా, ఒక షరతు. అన్నీ కుదిరాయని నేను అనేదాకా దీని మీద ముల్లు పెట్టం. అంతవరకూ నా రికార్డుతో కానిద్దాం."

ఆవిడ తల ఊపి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ముందు ఆవిడ తెచ్చుకున్న హెడ్‌ఫోను. ఫోనుకి తగిలించుకునేది, ముప్పై రెండు ఓములది. ఓములంటే హెడ్‌ఫోను మొండితనానికి కొలత అని మాస్టారు అందరికీ చెబుతాడు. తక్కువ ఓములది ఎంత కరెంటు పోస్తే అంతా గటగటా తాగేస్తుంది, ఇంకా పొయ్యమంటుంది. ఆయన వాల్వు యాంపుకి అంత ధారాళం చేతకాదు. అనుకున్నట్టే అయింది. కింది స్వరాలు ముద్ద కట్టాయి, వెనకాల చిటపటలు. ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది వీడికి కుదరదు. ఇద్దరూ మంచివాళ్లే. కానీ కాపురం సాగదు" అన్నాడు మాస్టారు.

గోడకి మేకు మీద ఒక పాత హెడ్‌ఫోను వేలాడుతోంది. మామగారి కాలం నాటిది, మూడు వందల ఓములది, చెవుల దగ్గర తోలు నెరిసిపోయింది. రికార్డు కోసేటప్పుడు పాట ఎలా పడుతోందో వినడానికి అప్పట్లో వాడింది అదే. ఆయన దాన్ని ఎవరికీ అమ్మలేదు, అరువివ్వలేదు. ఎందుకో ఆ రోజు దాన్ని తీసి దుమ్ము దులిపి ఆవిడ చెవులకి పెట్టాడు. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"పాడేవాడు గోడ అవతల్నుంచి గదిలోకి వచ్చాడు" అంది.

తర్వాత వాల్వుల వంతు. ఒక జత పెట్టాడు, వినిపించాడు. చల్లారనిచ్చి గుడ్డతో పట్టుకుని తీశాడు, ఇంకో జత పెట్టాడు. "ఇదా? ఇందాకటిదా?" అని అడిగాడు.

ఆవిడ ఫక్కున నవ్వింది. "రోజుకి నలభైసార్లు నేనడిగే ప్రశ్న ఇది. నా కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎందుకంత నీళ్లు నములుతారో ఇవాళ తెలిసింది."

"తెలియకపోతే తెలియట్లేదని చెప్పండి. మొహమాటానికి అన్నారంటే ఇంటికెళ్లాక మీరే తిట్టుకుంటారు."

"ఇందాకటిది తియ్యగా ఉంది. ఇది పొడిపొడిగా ఉంది. కానీ ఇందులో పలుకు విడివిడిగా తెలుస్తోంది."

మాస్టారికి ఆవిడ మీద గౌరవం పుట్టుకొచ్చింది. పాట వినాలనుకునేవాళ్లలో నూటికి తొంభైమంది తీపినే కోరుకుంటారు. ఆ తీపి పలుకుల అంచులు నాకేస్తుంది. మాట కావాలంటే పొడి వాల్వులే మేలు. అవే ఖాయం చేశాడు. ప్లేయరుకి ముల్లు కూడా మార్చాడు. పాత ముల్లు నడిచి నడిచి గాడి అడుగు అరగదీసింది గనక, కాస్త లావుపాటిది, గాడిలో పైపైన నడిచేది పెట్టాడు. అక్కడ ఇంకా అరగని గోడ మిగిలుంటుంది. దాని బరువు తగ్గించాడు, మళ్లీ తగ్గించాడు. ఇదంతా అయ్యేసరికి బుధవారం మధ్యాహ్నమైంది. ఆఖర్న హెడ్‌ఫోను తను పెట్టుకుని కళ్లు మూసుకుని వంద లెక్కపెట్టాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"ఇక కానిద్దాం" అన్నాడు. మొదటిసారికి బీటలున్న అంచు జోలికి పోకుండా, గోరంత లోపలికి, పాట మొదలైన చోట ముల్లు దించాడు. హెడ్‌ఫోను తన చెవులకే ఉంది. ఆ యాంపు ఒక్క హెడ్‌ఫోనునే మోస్తుంది. రెండు తగిలిస్తే రెండిట్లోనూ పాట చెడుతుంది.

గుయ్‌య్‌య్.

మాస్టారి మొహం ఎర్రబడింది. ఒక ఆడమనిషి గొంతు, నిండుగా, తొణక్కుండా పాడుతోంది. దాని వెనక ఆ దిక్కుమాలిన మోత. తన సెట్టులోంచా? ఇప్పుడేగా వంద లెక్కపెట్టాడు! ఆయన వేలి కొసతో తిరుగుతున్న పళ్లెం అంచుని సుతారంగా అదిమాడు. పళ్లెం నెమ్మదించింది, పాట శ్రుతి కిందికి జారింది. పాటతోపాటు మోత కూడా జారింది. మోత కరెంటులోంచి వచ్చేదైతే పళ్లెం ఎలా తిరిగినా మారదు. ఇది గాడిలోనే ఉంది. నలభై ఏళ్లుగా ఉంది. ఆయన ముల్లు ఎత్తేసి కాగితం మీద తేదీ మళ్లీ చూశాడు. ఆ వారమే. వెనక్కి రాని పన్నెండో రికార్డు ఇది.

"ఏమైందండీ?" అంది కళ్లద్దాలావిడ.

"ఏమవుతుంది! మా బావమరిది ఘనకార్యం. ఎర్తు వైరు పీకి పారేసి, నామీదికి తోసిన మహానుభావుడు. నలభై ఏళ్లయినా వాడి గుయ్ నన్ను వదల్లేదు చూడండి!" అని ఆ కథంతా ఏకరువు పెట్టాడు. పరాయి మనిషి ముందు ఇంటి గుట్టు విప్పుతున్నానన్న ధ్యాస కూడా లేదు. ఆవిడ మర్యాదగా విని, "మరి మాటలు?" అంది.

ఆయన తగ్గాడు. ముల్లు ఈసారి అంచుకి తీసుకెళ్లాడు. హెడ్‌ఫోను ఆవిడకి ఇవ్వబోతే ఆవిడ వెనక్కి జరిగింది. "ముందు మీరు వినండి. అక్కడ ముల్లు ఎగిరితే నేను చూడలేను."

ముల్లు దిగింది. పొర చిటచిటమంది. తర్వాత నిశ్శబ్దం. మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఇక్కడ గుయ్ లేదు! శుభ్రమైన, ఖాళీ గది నిశ్శబ్దం. ఆ గది ఆయనకి తెలుసు. ఆ కుర్చీ కిర్రుమనడం తెలుసు. అప్పుడొక ఆడగొంతు, పక్కనే కూర్చుని అడిగినట్టు, "మొదలెట్టమంటారా?" అంది.

"ఒక్క నిమిషమండీ. ఒరేయ్, ఈ పచ్చ వైరు కాళ్లకి అడ్డం పడుతోంది. తీసెయ్."

"బావా, అది ఎర్తు."

"తీసెయ్‌రా. పాటయ్యాక పెట్టుకోవచ్చు. నేను చూసుకుంటాగా!"

ఆడగొంతు నవ్వింది. "ఆ అబ్బాయి వద్దంటున్నాడు కదండీ, కాస్త వినకూడదూ? మా అమ్మాయీ ఇంతే. అది చెబితే నేను వినను. తీరా చూస్తే అది చెప్పిందే నిజమవుతుంది."

టక్‌మని ఒక చప్పుడు. ఆ వెంటనే గుయ్‌మని మోత మొదలైంది. మోత మీద పాట మొదలైంది.

మాస్టారు ముల్లు ఎత్తాడు. ఆ 'తీసెయ్‌రా' అన్న గొంతు ఎవరిదో కనుక్కోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. ఇరవయ్యారేళ్ల గొంతు, తొందర గొంతు, తనది. ఇప్పుడైనా గుర్తొచ్చిందా అంటే రాలేదు. కాళ్లకి అడ్డం పడ్డ వైరు తీయించడం మనిషి గుర్తుపెట్టుకునే సంగతి కాదు. చెప్పింది మర్చిపోయి, వైరు తిరిగి పెట్టించడమూ మర్చిపోయి, మర్చిపోయినదాన్ని జరగలేదని గట్టిగా నమ్మాడు. ఆ రోజు ఇదే హెడ్‌ఫోను చెవులకి పెట్టుకుని పాట ఎలా పడుతోందో వినాల్సింది కూడా తనే. పెట్టుకుని ఉంటే మొదటి రికార్డులోనే దొరికేది. మెడకి తగిలించుకుని కబుర్లు చెబుతూ ఉండుంటాడు, ఇంకేం చేసుంటాడు!

"వినబడలేదా?" అంది కళ్లద్దాలావిడ. ఆవిడ గొంతులో భయం.

ఆయన కళ్లు యాంపు మీదికి పోయాయి. పక్కనే అట్టపెట్టెలో ఆ తియ్యటి వాల్వులు ఉన్నాయి. పాత ముల్లు ఉంది. 'ఇంకోసారి సరిచేస్తానమ్మా' అని అవి పెట్టేస్తే చాలు, ఈ మాటలు మళ్లీ గొణుగుడైపోతాయి. ఇంకో రెండుసార్లకి పొర రాలిపోతుంది. ప్రపంచంలో ఎవరికీ తెలియదు. బావమరిదికి ఎలాగూ అలవాటైపోయింది. ఈ ఆలోచన ఎంతసేపు ఉందో ఆయనే చెప్పలేడు, ఉండటం మాత్రం ఉంది. తర్వాత ఎప్పుడు తల్చుకున్నా సిగ్గుపడతాడు.

హెడ్‌ఫోను తీసి ఆవిడకి ఇచ్చాడు. "వినబడుతుందమ్మా. బ్రహ్మాండంగా వినబడుతుంది" అన్నాడు.

ఆవిడ విన్నది. 'మా అమ్మాయీ ఇంతే' అన్న చోటుకి వచ్చేసరికి చేత్తో నోరు మూసుకుంది. పాట చివరిదాకా అలాగే కూర్చుంది. ముల్లు ఎత్తాక కళ్లు తుడుచుకుని, "నా గురించే అంది మాస్టారూ. తన పాట కోసం వచ్చి, నా మాట చెప్పింది" అంది. ఇంకాసేపటికి, "ఇదీ ఆ గొంతు. ఇంతే, ఇలాగే ఉండేది" అని తనలో తను అనుకుంది.

తర్వాత మెల్లిగా అడిగింది. "వద్దన్న ఆ అబ్బాయి ఎవరండీ?"

"మా బావమరిది."

"తీసెయ్‌రా అన్నాయన?"

మాస్టారు తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఇందాకటి కథంతా విన్నదే కాబట్టి ఇంకేమీ అడగలేదు.

"అమ్మా, ఇది ఇంకోసారి తిరుగుతుంది. రెండోసారికి నాకు నమ్మకం లేదు. మీది అడగకూడదు. అయినా అడుగుతున్నాను. ఆ ఒక్కసారీ వాడికి..."

ఆవిడ రికార్డు వంక చాలాసేపు చూసింది. అది ఆవిడకి ఎంత ఖరీదైన సంగతో మాస్టారికి తెలుసు. కాదంటే తప్పు పట్టడానికి లేదు.

"తిరిగేటప్పుడు పక్కనే కాపీ కూడా తీసిపెట్టండి, నాకు అది చాలు" అంది చివరికి. "మా అమ్మ ఆయన తరఫున మాట్లాడింది. ఆయనే వినకపోతే ఎలా?"

ఆ సాయంత్రం ఇంట్లో భార్యకి చెప్పాడు. ఉన్నదున్నట్టు, వాల్వులు మార్చేద్దామనుకున్న సంగతితో సహా చెప్పాడు. ఆవిడ చేతిలో బట్ట సగం మడతలోనే ఆగిపోయింది. అరిచినా బాగుండేది. అరవలేదు.

"నాన్న పోయిన రోజున కూడా వాడు వీధి గుమ్మంలోనే నిలబడ్డాడు, మీరు లోపలున్నారని" అంది.

"నీ తమ్ముడితో చెప్పు, శుక్రవారం కొట్టుకి..."

"నేను చెప్పను." ఆవిడ లేచి నిలబడింది. "నలభై ఏళ్లు మీ ఇద్దరి మధ్యా తీగలా పడున్నాను. ఇది నాతో చెప్పించే మాట కాదు. మీ నోటితో అన్నారు, మీ నోటితోనే చెప్పండి."

గురువారం ఆయన రెండు బస్సులు మారి, బావమరిది పనిచేస్తున్న ఎనిమిది అంతస్తుల భవనానికి వెళ్లాడు. కింద అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచి కర్రలు అడ్డం పెట్టి ఉన్నాయి. లోపల గోతిలో లైటు కదులుతోంది. నెరిసిన తల ఒకటి, జిడ్డు చేతులు రెండు కనబడ్డాయి. మాస్టారు అంచున గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"ఒరేయ్" అన్నాడు. "నేను."

గోతిలో స్పానరు చప్పుడు ఆగింది.

"నువ్వు చెప్పిందే నిజం. వైరు నేనే తీయించాను. అబద్ధమాడింది నువ్వు కాదు. తప్పు నాది."

పైన ఎవరో నడుస్తున్న చప్పుడు గోతిలోకి దిగి వచ్చింది.

"ఇప్పుడెవరు చెప్పారు నీకు?" అంది కిందినుంచి గొంతు.

"నా గొంతే చెప్పింది. ఆ వారం కోసిన రికార్డొకటి దొరికింది. నీ మాటా ఉంది అందులో. రేపొచ్చి విను. నువ్వు వినేదాకా నాకు తిండి సయించదు."

గోతిలో లైటు ఇటు తిరిగింది. తర్వాత, "పక్క గోడకి లిఫ్టు మెయిను స్విచ్చుంటుంది, ఆపే ఉందా చూడు" అంది గొంతు. మాస్టారు లేచి చూశాడు. ఆపే ఉందని చెప్పాడు. "సరే. మూడింటికొస్తాను" అని, స్పానరు మళ్లీ మొదలైంది.

మూడు గంటలన్నవాడు రెండున్నరకే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్లలో నలుపు పోలేదు. గుమ్మం దగ్గర ఆగి, తలుపు చట్రం మీద చెయ్యి పెట్టి, లోపలంతా ఒకసారి చూసుకున్నాడు. మాస్టారి భార్య స్టూలు చూపించింది. ఎవరూ కుశలప్రశ్నలు వేసుకోలేదు. కాపీ తీసే రికార్డరు ఆన్ చేసి మాస్టారు హెడ్‌ఫోను చేతికిచ్చాడు. బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నది" అని, చెవులకి పెట్టుకున్నాడు.

వినేది ఒక్కడే. మిగిలిన ఇద్దరికీ ముల్లు గీరే సన్నటి చప్పుడు తప్ప ఏమీ అందదు. మాస్టారు రేకు తిరగడం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. అలా లెక్కపెట్టడం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు. అంచు చిటచిటమంది, ముల్లు ఎగరలేదు. ఐదో చుట్టులో మైకు ముందు ఆవిడ మాట్లాడుతుంది. ఆరు, ఇదిగో ఇప్పుడు పచ్చ వైరు. మోకాలి మీద కదులుతున్న బావమరిది వేళ్లు ఆగిపోయాయి. ఎనిమిదిలో వాడి గొంతు. వాడి పెదాలు కదిలాయి, 'బావా, అది ఎర్తు' అని చప్పుడు లేకుండా. మాస్టారు కళ్లు దించుకోబోయి, దించుకోకుండా చూశాడు. చూడటం తన వంతు అనిపించింది. పదిహేను. టక్. బావమరిది కళ్లు మూసుకున్నాడు.

వినాల్సింది అక్కడితో అయిపోయింది. అయినా వాడు హెడ్‌ఫోను తీయలేదు. ఎవరి అమ్మో పాడుతోంది కదా, మధ్యలో లేవడం పద్ధతి కాదనుకున్నాడు కాబోలు. పాట పూర్తయ్యేదాకా కదలకుండా విని, తీసి, జాగ్రత్తగా మేకుకి తగిలించాడు. ఏ మేకో ఎవరూ చూపించక్కర్లేకపోయింది.

"మొదట్లో నాకు తెలుసు బావా, నేను చెప్పింది నిజమని" అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత ఆ పిలుపు. మాస్టారి భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాన్న కూడా నమ్మకపోయేసరికి, తర్వాత్తర్వాత నాకే అనుమానం పట్టుకుంది. నువ్వు అననేలేదేమో, నేనే తీసేసి, తప్పించుకోవడానికి నీ పేరు చెప్పి, అదే నిజమని నమ్మేశానేమో అని. ఏ లిఫ్టు దగ్గరికెళ్లినా ముందు ఎర్తే చూస్తాను. ఒకసారి కాదు, మూడుసార్లు. తోటివాళ్లు నవ్వుతారు. వాళ్లకేం తెలుసు! నా మీద నాకే నమ్మకం లేదు బావా."

మాస్టారు పదకొండు రికార్డులు పోయాయనుకున్నాడు, ఒక బావమరిది దూరమయ్యాడనుకున్నాడు. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని పీకి పారేశానని ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. "తప్పు నాదిరా" అన్నాడు మళ్లీ. ఆ మాట ఎంత చిన్నదో ఆయనకే తెలుస్తోంది. అంతకన్నా పెద్దది ఇంకేమీ దొరకలేదు.

"ఊఁ" అన్నాడు బావమరిది.

వాడి కళ్లు అలవాటుగా బల్ల వెనక్కి పోయాయి. ప్లేయరు దగ్గర్నుంచి పచ్చ వైరు యాంపుకీ, యాంపు నుంచి గోడకీ పోతోంది. వాడు లేచి, వంగి, దాన్ని వేలితో అంటుకుంటూ గోడదాకా వెళ్లి, కొసని పట్టుకుని ఒకసారి లాగి చూశాడు. గట్టిగానే ఉంది.

మాస్టారు రెండోసారి కోసం, మూడోసారి కోసం ఎదురుచూశాడు.

బావమరిది వైరు వదిలేసి నిలబడ్డాడు. చేతులు దులుపుకున్నాడు. "అక్కా, టీ ఏమైనా పెడతావా?" అన్నాడు.